దూరవిద్యలో వేసిన బొమ్మలను నలుగురి ముందు పెట్టేదెలా?

ప్రశ్న: ఆర్యా, నాకు నలభై మూడేళ్లు. పిల్లలిద్దరూ పైచదువులకు వెళ్లిపోయాక, పెళ్లితో ఆగిపోయిన చిత్రలేఖనాన్ని మళ్లీ మొదలుపెట్టాలనిపించి దూరవిద్యా విధానంలో ఒక కోర్సులో చేరాను. పుస్తకాలు పోస్టులో వస్తాయి. అసైన్‌మెంట్లను ఫొటోలు తీసి పంపుతాం. తిరిగి వచ్చేది మార్కులూ, "బాగుంది, ఇంకా సాధన అవసరం" అన్న ఒక్క ముక్కా. ఇప్పుడు కోర్సు చివరికొచ్చింది. మా బొమ్మలను ఎక్కడైనా ప్రదర్శించి, వాటి మీద మేమే నాలుగు పేజీల ఆత్మసమీక్ష రాసి పంపాలట. ఇదే కోర్సు చదువుతున్న మరో నలుగురితో వాట్సాప్‌లో పరిచయమైంది. ఒకరిది తుని, ఒకరిది సూర్యాపేట, ఒకరు బెంగళూరులో, ఒకరు మస్కట్‌లో ఉంటారు. ఇంకా నేర్చుకుంటున్న మా బొమ్మలు నలుగురికీ చూపదగినవేనా? చూపితే ఎక్కడ, ఎలా? ఆత్మసమీక్షలో "ఈ చిత్రం నాకు ఎంతో తృప్తినిచ్చింది" అని ఒక వాక్యం రాసి ఆగిపోయాను. మా ఆడపడుచు "పోస్టులో నేర్చుకునేది కూడా చిత్రకళేనా వదినా?" అంటే జవాబు చెప్పలేకపోయాను. మూడు బొమ్మల ఫొటోలు జతచేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం:

సోదరీ,

మీరు ప్రదర్శన గురించి, ఆత్మసమీక్ష గురించి విడివిడిగా అడిగారు గానీ ఆ రెండూ ఒకే అవసరం నుంచి పుట్టినవి. లలితకళల కళాశాలలో చదివే విద్యార్థికి అడగకుండానే దొరికేదీ, మీకు ఎంత అడిగినా దొరకనిదీ ఒకటుంది. అది పక్కవారి చూపు. తరగతిలో బొమ్మ వేస్తుంటే వెనకనుంచి వెళ్తున్న అధ్యాపకుడు ఒక్క క్షణం ఆగి, మోచేయి ఉండవలసిన చోట లేదని చెప్పి ముందుకు వెళ్తాడు. పక్కన కూర్చున్న విద్యార్థి అదే కూజాను వేరే వెలుగులో చూసి వేస్తుంటే, ఆ కాగితం వైపు ఒకసారి తల తిప్పినందుకే మన కాగితం మీద లోపం మనకు తెలిసిపోతుంది. ఇంటి మధ్యగదిలో ఒంటరిగా కూర్చుని వేసే మీకు ఈ రెండూ లేవు. ఆ లోటును కొంతవరకైనా పూడ్చడానికే మీ కోర్సు రూపకర్తలు ప్రదర్శననూ ఆత్మసమీక్షనూ చివర్లో పెట్టి ఉంటారని నేను అనుకుంటున్నాను. అందువల్ల చదువు ముగిశాక జరుపుకునే వేడుకగా కాక, చదువులో మిగిలిన ముఖ్యమైన పాఠంగా దీన్ని తీసుకోండి. అప్పుడు "నా బొమ్మలు చూపదగినవేనా" అన్న సంకోచం చాలామటుకు తగ్గుతుంది.

మీ ఆడపడుచు గారికి కటువుగా జవాబు చెప్పవలసిన అవసరం లేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలిసింది. ఈనాటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం చిత్రలేఖనాన్నీ సంగీతాన్నీ కూడా దూరవిద్యలో బోధిస్తోంది. ఇంగ్లండులో మైఖేల్ యంగ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1987లో ప్రత్యేకంగా కళల కోసమే ఒక దూరవిద్యా కళాశాలను, ఓపెన్ కాలేజ్ ఆఫ్ ది ఆర్ట్స్‌ను స్థాపించాడు. అక్కడి విద్యార్థి పూర్తయిన బొమ్మలను మాత్రమే పంపి ఊరుకుంటే సరిపోదు. వాటితోపాటు అభ్యాస దినచర్య రాయాలి. ఏం చూశాడు, ఏ చిత్రకారుడి దగ్గర ఏం గమనించాడు, ఏ ప్రయత్నం ఎందుకు బెడిసింది, తర్వాత ఏం మార్చాడు అన్నవన్నీ అందులో ఉండాలి. మూల్యాంకనంలో దానికీ లెక్క ఉంటుంది. గురువు పక్కన లేని చదువులో విద్యార్థి ఆలోచన గురువుకు చేరే మార్గం అదొక్కటే. మీరు రాయవలసిన నాలుగు పేజీలు కూడా ఆ కోవకే చెందుతాయి.

ఇక మీ బొమ్మల సంగతి. మొదటిది కొబ్బరిచెట్ల నడుమ కాలువ, నీటిరంగులు. రెండోది మీ అత్తగారిదనుకుంటాను, బొగ్గుతో వేసిన ముఖచిత్రం. మూడోది మల్లెపూలు కడుతున్న చేతులు, పెన్సిలు. మూడింటిలో నేను ఎక్కువసేపు చూసింది ఆ మూడోదాన్ని, అందులోనూ ఫొటోలో సగం తెగిపోయిన కుడి అంచును. అక్కడ అదే బొటనవేలిని మీరు మూడుసార్లు వేసి కొట్టివేశారు. మొదటిదాంట్లో దారం వేలి మీదుగా ఊరికే పోతోంది. రెండోదాంట్లో వేలికీ దారానికీ మధ్య సందు మిగిలిపోయింది. మూడోదాంట్లో దారం బిగిసి, గోరు పక్కన చర్మం కాస్త లోపలికి నొక్కుకుపోయింది. ఆ నొక్కును మీరు పట్టుకోగలిగారు గనుకే పెద్ద బొమ్మలో పూలు కడుతున్నట్టు కనిపిస్తోంది. లేకపోతే పూల పక్కన రెండు చేతులు పెట్టినట్టు ఉండేది. ఫొటోలో తెగిపోయిన ఆ అంచే మీ ఆత్మసమీక్షకు మొదటి పేజీ. దాన్ని కత్తిరించకండి, చెరపకండి, ప్రదర్శనలో కూడా కప్పకండి.

"ఎంతో తృప్తినిచ్చింది" అన్న వాక్యం దగ్గర మీరు ఆగిపోవడానికి కారణం అది మీ మనసు గురించి చెబుతోంది తప్ప కాగితం మీద జరిగినదాని గురించి ఏమీ చెప్పకపోవడం. ఆత్మసమీక్షలో మొదట రాయవలసింది కంటికి కనిపించే విషయం. మీ కాలువ బొమ్మనే తీసుకోండి. ఫొటోను బట్టి చూస్తే నీటిలోని చెట్ల నీడలకు మీరు నేరుగా నలుపు వాడినట్టుంది. పైగా కింది పూత పూర్తిగా ఆరకముందే తడి కుంచె పెట్టడం వల్ల ఎడమవైపు వంకర అంచుతో ఒక మరక కట్టింది. దాని గురించి ఇలా రాయవచ్చు: "నీడలు ముదురుగా ఉండాలని నలుపు వాడాను. అవి ముదురుగా వచ్చాయి గానీ నీటి లోతు పోయి, పైన మసి పూసినట్టయింది. తర్వాత వేరే కాగితం మీద అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపి చూశాను. ముదురుదనం దాదాపు అంతే వచ్చింది, లోపల నీలం మాత్రం బతికి ఉంది. ఎడమవైపు మరక పొరపాటున పడింది. కానీ గట్టు దగ్గర నీరు నిలిచిన చోట అదే బాగుందనిపించి చెరపలేదు." ఇందులో ఏం చేయాలనుకున్నారో ఉంది, ఏం జరిగిందో ఉంది, ఎందుకు జరిగిందో ఉంది, తర్వాత చేసిన ప్రయోగం ఉంది, పొరపాటును ఉంచాలన్న నిర్ణయమూ ఉంది. తృప్తి అన్న మాట ఎక్కడా లేకపోయినా చదివినవారికి మీ శ్రద్ధ తెలుస్తుంది.

అమెరికాలో వృత్తి విద్యల గురించి ఆలోచించిన డొనాల్డ్ షాన్ 1983లో ఒక తేడా చూపాడు: పని చేస్తుండగా చేతితోపాటు నడిచే ఆలోచన ఒకటి, పని అయ్యాక వెనక్కి తిరిగి చూసినప్పుడు కలిగే ఆలోచన మరొకటి. రెండోదాన్ని ఎప్పుడైనా రాసుకోవచ్చు. మొదటిది మాత్రం నిలవదు, ఆ పూట రాసుకోకపోతే మరునాటికి ఉండదు. కాబట్టి ఇకనుంచి బొమ్మ వేసే బల్ల మీదే ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకుని, కుంచె కడిగేలోపు రెండు మూడు వాక్యాలు రాయండి. కుదరకపోతే ఫోనులో మాట రికార్డు చేసుకోండి. మధ్యమధ్య దశలను కూడా ఫొటో తీయండి. నాలుగు పేజీల వ్యాసం ఒక్క రాత్రిలో రాయాలని కూర్చుంటే ఎవరికైనా కలం కదలదు. రాసుకున్న పుస్తకంలోంచి ఏరి కూర్చడం చాలా తేలిక.

వీలైతే ప్రదర్శనకు ముందే ఒకసారి రాజమహేంద్రవరం వెళ్లి దామెర్ల రామారావు చిత్రశాల చూసి రండి. 1897లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండకుండానే మశూచితో కన్నుమూసిన ఆ చిత్రకారుడి వర్ణచిత్రాలతోపాటు పెన్సిలు చిత్రాలనూ, స్కెచ్ పుస్తకాలనూ అక్కడ భద్రపరిచారు. ముందు పెద్ద చిత్రాలు చూసి, తర్వాత పెన్సిలు గీతల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. గొప్పవాడన్నవాడు కూడా చేయి, మెడ, నడుము ఎక్కడ ఎలా వెతుక్కున్నాడో చూశాక, మీ కాగితం అంచున ఉన్న ఆ మూడు బొటనవేళ్లను దాచాలని మీకు అనిపించదు.

మీ అయిదుగురి వాట్సాప్ బృందం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఇలాంటి బృందాల్లో బొమ్మ పెట్టగానే చప్పట్ల గుర్తులు, "సూపర్ అండీ" అన్న మాటలు వస్తాయి. అవి ప్రేమతో వచ్చేవే, కాదనను. కానీ మీ మూల్యాంకనకర్త రాసిన ఒక్క ముక్కకూ వాటికీ పెద్ద తేడా లేదు. రెండూ బొమ్మను చూసినట్టు రుజువు ఇవ్వవు. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు 1990లో, కళాకారులు ఒకరి పని మీద ఒకరు నొప్పించకుండా, దాటవేయకుండా మాట్లాడుకోవడానికి ఒక పద్ధతి రూపొందించారు. అందులో ముందుగా చూసినవారు తమకు ఏది పట్టి నిలిపిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత కళాకారుడే తన పని గురించి వారిని ప్రశ్నలు అడుగుతాడు. ఆ పిమ్మట చూసినవారు అడుగుతారు. అయితే ప్రశ్నలో తీర్పు దాగి ఉండకూడదు. "ఆకాశం ఎందుకంత ఖాళీగా వదిలేశారు?" అన్నది తీర్పే, "ఆకాశానికి అంత చోటు ఇవ్వాలని ఎలా నిర్ణయించుకున్నారు?" అన్నది ప్రశ్న. చిట్టచివర, "నీడల గురించి నాకొక అభిప్రాయం ఉంది, వింటారా?" అని అనుమతి అడిగి, కళాకారుడు సరేనంటేనే అభిప్రాయం చెబుతారు. నృత్యం కోసం పుట్టినా ఇది ఏ కళకైనా సరిపోతుంది. దూరంగా ఉండి, ఒకరి ముఖం ఒకరు సరిగ్గా ఎరగనివారికి మరీ బాగా సరిపోతుంది. ఎందుకంటే ఎప్పుడు ఏం మాట్లాడాలో పద్ధతే నిర్ణయిస్తుంది, మొహమాటానికి పని తగ్గుతుంది.

మీరు అయిదుగురూ వీడియో కాల్‌లో ఒక్కో పూట ఒక్కరి బొమ్మలే తీసుకోండి. మస్కట్ మనకంటే గంటన్నర వెనక ఉంటుంది, అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. కాబట్టి శనివారం సాయంత్రం అందరికీ కుదరవచ్చు. బొమ్మ ఎవరిదో వారు ఆ పూట తమ పనిని సమర్థించుకోకుండా, విన్నది రాసుకోవాలి. అలా రాసుకున్నదంతా నేరుగా ఆత్మసమీక్షలోకి వస్తుంది.

ప్రదర్శనకు హైదరాబాదులోనో విజయవాడలోనో గ్యాలరీ వెతకవలసిన పని లేదు. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ వంటి చోట్లు ఏనాడైనా మీకు దక్కాలని కోరుకుంటాను. కానీ నేర్చుకునే దశలో మీకు కావలసింది బొమ్మను తీరిగ్గా చూసి, అనుకున్నది మొహం మీద చెప్పే మామూలు మనుషులు. మీ ఊరి శాఖా గ్రంథాలయం అందుకు చాలా మంచి చోటని నా అభిప్రాయం. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. బడిపిల్లలు వస్తారు, రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దలు ఎలాగూ ఉంటారు, హాలుకు అద్దె బెడద ఉండదు. గోడలకు మేకులు కొట్టనివ్వరు, కొట్టకూడదు కూడా. కిటికీ ఊచలకో, బీరువాల నడుమనో గట్టి జనపనార తాడు కట్టి బైండర్ క్లిప్పులతో బొమ్మలు వేలాడదీయండి. కాగితం నేరుగా వేలాడితే వంగిపోతుంది గనుక వెనక మందపాటి అట్ట పెట్టండి. నవంబరంటే మన కోస్తాలో వానలూ తుపానులూ వచ్చే కాలం, గోడలు చెమ్మెక్కుతాయి. బొమ్మకూ గోడకూ మధ్య రెండు మూడు అంగుళాల ఎడం ఉండాలి, రాత్రిపూట అన్నీ దించి పెట్టెలో పెట్టాలి. బొగ్గు బొమ్మకు ముందుగా ఫిక్సెటివ్ (బొగ్గుపొడి రాలకుండా పట్టి ఉంచే ద్రావణం) కొట్టి, దించినప్పుడు పైన బటర్ పేపరు కప్పండి, లేకపోతే అత్తగారి బుగ్గ మీది నీడ పక్క బొమ్మకు అంటుకుంటుంది.

బొమ్మ నడిమధ్య నేలనుంచి దాదాపు అయిదడుగుల ఎత్తులో ఉంటే పెద్దవారి కంటికి సరిగ్గా ఆనుతుంది. పిల్లల కోసం కింద ఒక బల్ల వేసి, మీ చిత్తుప్రతులూ స్కెచ్ పుస్తకాలూ దాని మీద తెరిచి ఉంచండి, పేజీలు తిప్పనివ్వండి.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది చాలా ఆలోచించి నిర్ణయించాలి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో గుడ్డ మీద కథలను బొమ్మలుగా వేసే నకాషీ చిత్రకారుల పటాలను గుర్తుచేసుకోండి. కాకిపడగలవారి వంటి కథకులు ఆ పొడవాటి గుడ్డ పటాన్ని ఒక్కసారిగా పరిచేయరు. కథ నడుస్తున్న కొద్దీ ఒక్కొక్క అరను విప్పుతూ, చూపిస్తూ పోతారు. చూసేవారికి ఏది ఎప్పుడు తెలియాలో వారికి తెలుసు. మీ అయిదుగురి బొమ్మలను ఒక్కొక్కరివి ఒక్కో కుప్పగా వేలాడదీస్తే అది హాజరు పట్టీ అవుతుంది. అదే ఒకే అభ్యాసానికి అయిదుగురు వేసిన జవాబులను పక్కపక్కన పెడితే, ఉదాహరణకు "చేతులు" అన్న పాఠానికి మీ మల్లెపూల చేతుల పక్కనే సూర్యాపేటవారివీ మస్కట్‌వారివీ ఉంటే, ఒకే పుస్తకం అయిదు ఇళ్లలో అయిదు రకాలుగా ఎలా చదవబడిందో చూసేవారికి అర్థమవుతుంది. దూరవిద్యలో తప్ప ఇంకెక్కడా దొరకని విశేషం అది, దాన్ని వదులుకోకండి.

బెంగళూరు, మస్కట్ మిత్రుల బొమ్మలకు అసలు ప్రతులు తెప్పించడం కష్టమైతే ముద్రించిన ప్రతులు పెట్టవచ్చు, పక్కన "ముద్రణ ప్రతి" అని స్పష్టంగా రాయాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోనులో తీసిన ఫొటో సాధారణంగా 4000×3000 పిక్సెళ్లు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 13×10 అంగుళాల దాకా బాగా వస్తుంది. అయితే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుంచించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపమని చెప్పండి. ఫొటో తీసే తీరు గురించి మీకూ ఒక మాట. మీరు పంపిన మూడూ రాత్రి బల్బు వెలుగులో తీసినట్టున్నాయి. తెల్ల కాగితం పసుపెక్కింది, పై అంచు పొట్టిగా, కింది అంచు పొడుగ్గా వచ్చింది. పగటిపూట, ఎండ నేరుగా పడని వరండాలో బొమ్మను గోడకు నిలబెట్టి, ఫోనును బొమ్మ మధ్యభాగానికి ఎదురుగా, దానితో సమాంతరంగా పట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చేసి తీయండి. ఫ్లాష్ వద్దు. రంగులు ఆకర్షణీయంగా ఉండాలని ఫిల్టర్లు అసలే వద్దు. మూల్యాంకనకర్త మార్కులు వేయవలసింది మీరు కలిపిన రంగుకు.

ప్రతి బొమ్మ కింద పేరు, వాడిన రంగులు, కొలతలు, సంవత్సరం రాయండి. కొలతల్లో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాయడం వాడుక. దాని కింద మీ నోటుపుస్తకంలోంచి రెండు వాక్యాలు చాలు. బొమ్మ అర్థం ఏమిటో మాత్రం అక్కడ వివరించకండి.

ద్వారం దగ్గర అభిప్రాయాల పుస్తకం పెడతారు గదా, అందులో "అద్భుతం, అభినందనలు" అన్నవే నిండుతాయి. ఖాళీ పుస్తకం బదులు ప్రతి పేజీ తలమీద ఒక ప్రశ్న రాసి పెట్టండి: "ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు? అందులో మొదట మీ కన్ను ఎక్కడ పడింది?" ఏడో తరగతి పిల్ల కూడా దీనికి జవాబు రాయగలదు. కాలువ బొమ్మలో మీరు కష్టపడి వేసిన నీడలను ఎవరూ ప్రస్తావించక, గట్టు దగ్గరి మరక గురించే పదిమంది రాస్తే, మీ ఉద్దేశానికీ వారి చూపుకూ మధ్య ఉన్న ఎడం మీకు కొలిచినట్టు తెలుస్తుంది. నాలుగు పేజీల్లో చివరి పేజీని దానికోసం ఖాళీగా ఉంచి, ప్రదర్శన ముగిశాకే రాయండి. అక్కడ ప్రజల మెచ్చుకోళ్లను ఏకరువు పెట్టవద్దు. వారు చూసినదాన్నిబట్టి మీ తర్వాతి బొమ్మలో ఏం మార్చదలచుకున్నారో, ఎవరేమన్నా ఏది మార్చకూడదని నిశ్చయించుకున్నారో రాయండి. మీ ఆడపడుచు గారిని తప్పకుండా పిలవండి, ఆ ప్రశ్నకు ఆవిడ చేత కూడా జవాబు రాయించండి.

గ్రంథాలయాధికారికి అయిదుగురి పేర్లతో, ఎన్ని బొమ్మలు, ఎన్ని రోజులు, తాళ్లూ అట్టలూ మేమే తెచ్చుకుంటాం అన్న వివరాలతో ఒక పేజీ దరఖాస్తు రాసి, దసరా సెలవులకు ముందే స్వయంగా వెళ్లి ఇవ్వండి. వారోత్సవాల కార్యక్రమ పట్టిక తయారయ్యే నాటికి మీ ప్రదర్శన అందులో చేరి ఉండాలి.